హృదయద్వారమునకు క్రొత్త తలుపు

మానవ హృదయమునకు నాలుగు కవాటములు కలవు. అందు బృహద్ధమని ముఖముననున్న కవాటము కొందరికి వార్ధక్యమున సున్నము పేరుకొని బిగిసిపోవును. నెత్తురు వెడలు దారి ఇరుకై, నాలుగు మెట్లెక్కగానే ఆయాసము, రొమ్మునొప్పి, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కలుగును. మా మాతామహులు ఈ వ్యాధిచేతనే గతించిరేమోయని నాకిప్పుడు తోచుచున్నది. ఆనాడు ఇంటివారు దానిని ముసలితనపు ఆయాసమని సరిపెట్టుకొనిరి.

1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అను శస్త్రవైద్యుడును, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరును కలిసి, పంజరములో బంతి యాడునట్టి కృత్రిమ కవాటమును సిద్ధపరచిరి. అది అమర్చవలెనన్న రొమ్ము చీల్చి, గుండెను కొంతసేపు నిలుపవలెను. బలహీనులగు వృద్ధులలో అనేకులు దీనికి తాళలేరని వైద్యులు వెనుదీయుచుండిరి.

ఫ్రాన్సు దేశమున రువాన్ పట్టణపు వైద్యుడు అలెన్ క్రిబియే 1985లో సన్నని గొట్టపుకొనకు బుడగను తగిలించి, దానితో ఇరుకైన కవాటమును విప్పిచూచెను. ఉపశమనము కలిగెను గాని, కొలది మాసములకే కవాటము మరల బిగిసికొనుచుండెను. డెన్మార్కునందు హెన్నింగ్ ఆండర్సన్ అను యువవైద్యుడు, పంది హృదయపు కవాటమును లోహపుతీగల చట్రములో కుట్టి, ముడిచి, 1989లో పందులలో గొట్టముద్వారా ప్రవేశపెట్టెను. ఆ ప్రయోగవ్యాసము 1992లో గాని అచ్చు కాలేదు. క్రొత్త ఊహలు పెద్దల ఆమోదమునకు ఎంతకాలము వేచియుండవలెనో దస్త్రములతో పొద్దుపుచ్చు మనవంటివారికి వేరుగ చెప్పనక్కరలేదు!

తుదకు 2002 ఏప్రిల్ 16వ తేదీన, శస్త్రవైద్యులు నిరాకరించిన 57 ఏండ్ల రోగికి, కాలి సిర గుండ గొట్టమును నడపి క్రిబియే క్రొత్త కవాటము నమర్చెను. రోగి నాలుగు మాసములకు ఇతర కారణములచే మరణించెను. కవాటము మాత్రము చక్కగా పనిచేయుచునే యుండెను.

ఆపై దేశదేశముల కథ వేరువేరుగ నడచినది. ఐరోపా 2007లోనే దీని విక్రయమునకు అనుమతించెను. అమెరికా కఠినమైన పరీక్షలు ముగియువరకు ఆగి, 2011 నవంబరులో ఒప్పుకొనెను. మొదట శస్త్రచికిత్సకు పనికిరానివారికే విధించిన ఈ పద్ధతిని 2019 నాటికి అపాయము తక్కువగల వృద్ధులకు సైతము అక్కడ అనుమతించిరి. జర్మనీలో గత దశాబ్దపు నడుమనే ఇది రొమ్ము చీల్చు చికిత్సను సంఖ్యలో మించిపోయెను. జపాను 2013లో దీనిని తన ఆరోగ్యభీమాలో చేర్చెను. చీనాలో రోగులు పలువురికి కవాటమున మూడు రేకులకు బదులు రెండే యుండుటచే, అక్కడివారు తమ శరీరములకు తగిన కవాటములను తామే తయారుచేసికొనిరి. 2017లో వానికి అనుమతి లభించెను.

మన దేశమున గుజరాతులోని వాపిలో తయారైన కవాటమునకు 2018లో అనుమతి వచ్చెను. అయినను, జనసంఖ్యకు ఇన్ని చికిత్సలని లెక్కకట్టి మనము వెనుకబడితిమనుట సగము సత్యమే. మన పేదయిండ్లలో కవాటములను చెరచునది వార్ధక్యము కాదు, బాల్యమున వచ్చు కీళ్లవాతపు జ్వరము. అది ఎక్కువగా ఎడమవైపు గదుల నడిమి కవాటమును పట్టుకొనును. అట్టివారికొరకే తిరువనంతపురమున వలియత్తాన్‌గారి బృందము స్వదేశీ కవాటమును నిర్మించి, 1990 డిసెంబరు 6న మొదటి రోగికి అమర్చెను. ఖరీదైన విదేశీ కవాటము కొనజాలనివారికి అది పెన్నిధియైనది.

నిరుడు మా పినతండ్రిగారికి, ఎనుబదియొకటవ యేట, హైదరాబాదులో తొడయొద్ది ధమని ద్వారా కవాటము నమర్చిరి. నాలుగవనాడు నడచి ఇంటికి వచ్చిరి. ఆయన పడకకు ఎదుటి వసారాలో పాలమూరునుండి వచ్చిన ఇరువదినాలుగేండ్ల యువతి, ఆరోగ్యశ్రీ పత్రము చేతబట్టుకొని, చంటిబిడ్డను తల్లికప్పగించి కూర్చుండియుండెను. ఆమెకు రొమ్ము చీల్చియే చేయవలెనట. "తాతగారికి చేసినట్లు నాకు చేయరా అన్నా?" అని నన్నడిగెను. ఆమె కవాటము వేరు, వ్యాధి వేరు అని చెప్పుటకు నాకు కొంతసేపు పట్టెను.