వేడిమితో బేరం – రామగుండం ఎరువు కథ

యూరియా బస్తా కోసం సహకార సంఘం ముందు వరుస కట్టడం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతు కుటుంబాలలో పుట్టిన మనకు కొత్త కాదు. ఆ తెల్లని గుళికల వెనుక ఒక రసాయన చరిత్ర ఉన్నది.

గాలిలో నాలుగింట మూడు పాళ్లకు పైగా నత్రజనియే. దానిని ఉదజనితో కలిపితే అమ్మోనియా, అమ్మోనియా నుండి యూరియా వస్తాయి. అయితే ఒకవైపు అమ్మోనియా పుడుతుంటే మరొకవైపు విడిపోతూ ఉంటుంది. ఈ రెండు వేగాలూ సమానమైతే దానిని రసాయన సమతాస్థితి అంటారు. అమ్మోనియా పుట్టేటప్పుడు వేడి వెలువడుతుంది. కనుక బయటినుండి వేడి పెంచితే చర్య వెనక్కి మళ్లుతుంది, తగ్గిస్తే ముందుకు సాగుతుంది. 1884లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లీ షాట్లియే చెప్పిన సూత్రమిదే.

మరి చల్లగా ఉంచితే సరిపోదా? సరిపోదు. చల్లదనంలో చర్య నత్తనడక నడుస్తుంది. వేడిలో వేగముంది, ఫలం తక్కువ. చల్లదనంలో ఫలముంది, వేగం లేదు. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అధిక పీడనంతో, ఉత్ప్రేరకంతో ఈ చిక్కు విప్పాడు. 1913లో కార్ల్ బోష్ ఓపావులో దానిని కర్మాగారంగా నిలిపాడు. ఇనుము ఉత్ప్రేరకంగా, సుమారు 400–500 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కుదిరిన రాజీ అది. పుట్టిన అమ్మోనియాను చల్లబరచి ద్రవంగా తీసి, మిగిలిన వాయువును మళ్లీ లోపలికి పంపుతారు. పంటలు పెంచిన ఈ విద్యే మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి మందుగుండు కూడా సమకూర్చింది.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో బొగ్గు ఆధారంగా కట్టిన రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇటువంటి కర్మాగారం ఎడతెగక నడవాలి. ఆగి చల్లబడితే చర్యకు కావలసిన వేడిని మళ్లీ మొదటినుండి అందించాలి. కరెంటు కొరత, యంత్రాల మరమ్మతులు, నిధుల లేమి కలిసి 1999 మార్చి 31తో ఉత్పత్తి నిలిచిపోయింది. దానినే నమ్ముకున్న ఉద్యోగుల గతి ఏమిటో, జీతం మీద బతికిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అక్కడే సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. ఇంధనం మారింది కాని, వేడిమితో కుదుర్చుకున్న ఆ పాత రాజీ మారలేదు. 2016లో జిల్లాలు విడిపోయినా గోదావరి ఒడ్డు మనదే. మనవలు ఈ సూత్రాన్ని బట్టీ పడుతుంటే, అది మన పక్కనే పగలూ రాత్రీ పనిచేస్తున్నదని వారికి చెప్పండి.