నేల పూర్వచరిత్రము

కన్యను ఇచ్చునపుడు వరుని కులగోత్రములు విచారింపనివారు మనలో అరుదు. ఇంటిస్థలము కొనునపుడును మనము కొంత విచారింతుము. అమ్మువానికి హక్కు కలదా, తాకట్టున్నదా, దాయాదుల తగవున్నదా యని యడుగుదుము. ఇవన్నియు యజమానులను గూర్చిన ప్రశ్నలు. ఆ నేల పూర్వము చెరువా, చెత్తదిబ్బయా, మిల్లు పెరడా యని యడిగినవానిని మాత్రము జనులు వింతగా చూతురు. ఆ మట్టిలో ఆడుకొనువారు మన పిల్లలు. ఆ బావినీరు త్రాగువారును వారే. కావున ఈ ప్రశ్న వింతది కాదనియు, దీనికి కొంత సమాధానము సర్కారు దస్త్రములలోనే యున్నదనియు చూపుట మా యుద్దేశము.

కొన్ని యేండ్ల క్రిందట మా మిత్రుడొకడు వరంగల్లు శివారున చిన్నస్థలము కొనదలచి కాగితములు మాకు చూపెను. జనులు ఈసీ యని పిలుచు ఋణభారపత్రములో భారమేమియు లేదు. పాత సేత్వారు నకలు ఉర్దూలో నుండెను. మేము సంస్కృతాంగ్లములు చదివినవారమే గాని ఆ లిపి యెఱుగము. ఒక వృద్ధ గుమాస్తా దయతో చదివి వినిపించెను. ఆ సర్వే నంబరునకు ఎదుట నున్న మాట ‘శిఖం’. అనగా చెరువు నిండినపుడు నీట మునుగు నేల. మరి ఆ చెరువు దేనితో పూడినది? ఇరుగుపొరుగువారి నడుగగా, ఊరి చెత్తయు, ఏదో కార్ఖానానుండి వచ్చిన పీపాలును బండ్లతో తెచ్చి పోసిరని చెప్పిరి. మిత్రుడు బేరము మానుకొనెను. మఱియొకరు కొనిరి. వారి బావినీటిని మేమెఱిగినంతవరకు ఎవరును పరీక్షింపలేదు. ఋణభారము లేదని చెప్పు పత్రము విషభారమును గూర్చి యేమియు చెప్పదు.

మన ప్రాంతమున భూమికి లెక్క వ్రాయుట నిన్నటి పని కాదు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి శాసనము వేయించెను. కాకతీయుల కాలపు దానశాసనములు పొలిమేరలను చెట్టు, పుట్ట, కాలువల గుఱుతులతో చెప్పును. ఇచ్చిన నేలను అపహరించువానికి నరకభయమును చూపును. నేలను విషముతో చెఱచువానికి శాపము వ్రాసినట్లు మేము చూడలేదు. అట్టి పాపమును ఆనాటివారు ఊహింపలేదు కాబోలు.

నిజాము రాజ్యమున మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ ప్రవేశపెట్టెను. తరువాతి దశాబ్దములలో భూమి కొలువబడి సర్వే నంబర్లు ఏర్పడెను. ఆ మొదటి కొలతల పట్టికయే సేత్వారు, గ్రామపటమే నక్షా, ఏటేట పంటలను, అనుభవదారులను వ్రాసిన లెక్క పహాణీ. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైనది. 1984లో పటేలు, పట్వారీ ఉద్యోగములు రద్దయినను, వారు వ్రాసిన లెక్కలు మిగిలియున్నవి. ఇవన్నియు శిస్తుకొఱకు వ్రాసినవి. ప్రజల ఆరోగ్యమును తలచి వ్రాసినవి కావు. అయినను చదువనేర్చినవానికి ఇవి వైద్యునికి నాడివంటివి.

ఎట్లు చదువవలెను? తరి, ఖుష్కి యను మాటలు నీటిజాడను తెలుపును. శిఖమని యున్నచోట నేడు ఇండ్లున్నచో, పూడ్చిన వస్తువేదో విచారింపవలెను. ఏండ్లతరబడి తరి పండి, పిదప వరుసగా పడావని వ్రాయబడినచో, నీరెండెనా, నీరు చెడెనా యని యడుగవలెను. వరుసగా పత్తి యని యున్నచో పురుగుమందుల మాట తలపునకు రావలెను. 1997-98లో వరంగల్లు జిల్లా పత్తిరైతులు పురుగు బాధచేత మందుపై మందు చల్లియు పంట దక్కక, అప్పులపాలై, పలువురు ప్రాణములు తీసికొనిరి. అట్టి మందులలో నొకటైన ఎండోసల్ఫాను తయారీని, అమ్మకమును సుప్రీముకోర్టు 2011లో నిలిపివేసెను.

నగరములోని ఆజంజాహి మిల్లును చూడుడు. 1934లో నిజాము కాలమున స్థాపితమైన ఈ మిల్లు వేలమందికి అన్నము పెట్టినది. అది మూతపడిన పిదప ఆ విశాలస్థలము ఇండ్లస్థలములుగా మారినది. అక్కడ విషము కలదని మేము చెప్పుటలేదు. ఏ బట్టలమిల్లునందైనను యంత్రముల నూనె, బొగ్గుబూడిద, రంగులు, రసాయనములు వాడుట సామాన్యము. కావున రంగుల గది యెక్కడ, బూడిద పోసిన చోటెక్కడ, మురుగు పారిన దారి యేది యని పాత పటములలో చూచి, ఆయా చోట్ల మన్ను పరీక్షించిన పిదపనే ఇల్లు కట్టుట వివేకము. మిల్లు కూలినంతమాత్రమున దాని చరిత్ర కూలదు.

విచారింపనిచో నేమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. మెదకుసీమలోని పటాన్‌చెరువునందు 1970వ దశాబ్దమునుండి కార్ఖానాలు పెరిగెను. వాని మురుగు నక్కవాగులో కలిసి గ్రామముల బావులను, పొలములను చెఱచెను. 1990లో వ్యాజ్యము సుప్రీముకోర్టున కెక్కెను. ఏ గ్రామమున ఎన్ని యెకరములు చెడెనో తేల్చవలసి వచ్చినపుడు మరల దస్త్రములే శరణ్యమయ్యెను. కీడు జరిగిన పిదప పరిహారము లెక్కించుటకు తెఱచిన పుస్తకమును, కీడునకు ముందే యేల తెఱువరాదు?

అమెరికాలోని నయాగరా పట్టణపు కథ ఇంకను కఠినమైనది. లవ్ కెనాలను పాత కాలువలో ఒక రసాయన సంఘమువారు 1942 మొదలు సుమారు 21,000 టన్నుల వ్యర్థములను పూడ్చిరి. 1953లో ఆ స్థలమును పాఠశాలా మండలికి ఒక్క డాలరునకు అమ్మిరి. రసాయనములు పూడ్చిన సంగతి ఆ క్రయపత్రములోనే వ్రాసిరి! అయినను అచట బడి కట్టిరి. చుట్టును ఇండ్లు లేచెను. 1978లో ప్రభుత్వము ఆపత్కాలమును ప్రకటించి కుటుంబములను తరలింపవలసివచ్చెను. ఉపాధ్యాయులమైన మాకు ఇందు మిక్కిలి బాధ కలిగించునది ఒక్కటే: పత్రము సత్యము చెప్పినది, చదివినవారు లక్ష్యపెట్టలేదు.

దస్త్రములు తప్పులతడకలనియు, లంచముతో మార్చినవనియు కొందరందురు. అది కొంత నిజమే. కాని మేము దస్త్రమును తీర్పుగా కొనుడనుటలేదు. అది యెచ్చట త్రవ్వి చూడవలెనో చూపు వ్రేలు మాత్రమే. తీర్పు చెప్పవలసినది మన్నునీళ్ల పరీక్ష. కేంద్రప్రభుత్వము 2025లో కలుషితస్థలములను గూర్చి నియమములు చేసినది. అనుమానమున్న స్థలముల పట్టికను స్థానికసంస్థలుగాని జిల్లా యధికారులుగాని ఆఱునెలల కొకసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపవలెనని అందున్నది. కచ్చేరిలో కూర్చుండి పట్టిక వ్రాయు గుమాస్తాకు పాత పహాణీ చదువు ఓపిక లేనిచో, ఆ పట్టిక కాగితముగనే మిగులును.

కావున మేము కోరునవి మూడు. పాత ఉర్దూ దస్త్రములు తెలుగులోనికి వచ్చి అందరికిని అందవలెను. అమ్మకపు పత్రములో ఆ నేల పూర్వోపయోగమును తెలుపు గడి యొకటి ఉండవలెను. బడి కట్టుటకు ముందు ఆ స్థలపు మన్నును, నీటిని పరీక్షింపవలెను. రాజుల వంశావళులను మన పిల్లలచేత వల్లెవేయించుచున్నాము. తాము కూర్చున్న నేల చరిత్రము కూడ చరిత్రమేయని వారికి నేర్పినచో, వారు పెద్దవారై స్థలము కొనునాడు సరియైన ప్రశ్న అడుగుదురు. శిఖమన్న మాటను చదువనేర్చిన పిల్లవాడు చదువుకొన్నవాడే యని మా విశ్వాసము.