అడ్డంకి చాటున ప్రవాహం: ఏటి బండ నుండి ధమని వరకు

పాపాఘ్ని నంది కొండలలో పుట్టి, మన తనకల్లు ప్రాంతం మీదుగా సాగి పెన్నలో కలుస్తుంది. వరద తీసిన తరువాత ఆ ఏటిలో నడిచినవారు ఒక విషయం గమనించే ఉంటారు. నేలను అంటుకొని ఉన్న బండరాయికి ఎగువన ఇసుక కోసుకుపోయి గుంట పడుతుంది. దిగువన, రాయి చాటున, మేట వేస్తుంది. నీరు రాయి అంచు వద్ద దానిని విడిచి ముందుకు దూసుకుపోగా, వెనుక మిగిలిన నీరు మందగించి సుడులు తిరుగుతుంది. కొంత నీరు వెనక్కి కూడా మళ్లుతుంది.

పెనుకొండ సమీపంలోని రొద్దం గ్రామం పేరు ఇంటిపేరుగా గల ప్రసిద్ధ శాస్త్రవేత్త రొద్దం నరసింహ ఇటువంటి ప్రవాహాలను పరిశోధించారు. అడ్డంకి వెనుక చెదిరిన ప్రవాహం కుదుటపడటానికి ఎంతో దూరం పడుతుందని 1972లో ప్రభుతో కలిసి చూపారు.

మన రక్తనాళాలలోనూ ఇదే ధర్మం పనిచేస్తుంది. లియొనార్డో డావిన్చి సుమారు 1513లో ఎద్దు గుండెను పరిశీలించి, బృహద్ధమని కవాటపు రేకల వెనుక రక్తం సుడి తిరిగి, అవి మూసుకోవడానికి తోడ్పడుతుందని బొమ్మలు గీసి వివరించాడు. 1969లో బెల్‌హౌస్, టాల్బట్‌ల అధ్యయనం ఆ ఊహకు బలమిచ్చింది. అక్కడ సుడి మనకు మేలే చేస్తుంది.

అన్నిచోట్లా అలా కాదు. ధమనులలో కొవ్వు ఎక్కడ పేరుకుంటుందన్న ప్రశ్నపై వైద్యులు చాలాకాలం వాదించుకున్నారు. రక్తపు ఒరిపిడి తీవ్రమైతే నాళపు లోపొర దెబ్బతింటుందని 1968లో డొనాల్డ్ ఫ్రై చూపాడు. కనుక ఒరిపిడి ఎక్కువైన చోటే వ్యాధి మొదలవుతుందన్న అభిప్రాయం బలపడింది. మరుసటి ఏడే లండన్‌లో కాలిన్ కేరో బృందం అందుకు విరుద్ధంగా, ఒరిపిడి తక్కువైన చోటనే కొవ్వు చేరుతుందని ప్రతిపాదించింది. 1980లలో మెడ ధమని చీలికపై జరిగిన పరిశోధనలు కేరో పక్షాన నిలిచాయి. ప్రవాహం మందగించి ముందుకూ వెనక్కూ ఊగిసలాడే గోడ మీదనే పూడిక పేరుకుంటున్నట్లు తేలింది.

కారణం కూడా తెలిసింది. నిలకడగా పారే రక్తపు ఒరిపిడికి లోపొర కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాన్ని కాపాడతాయి. సుడులున్న చోట ఈ రక్షణ తగ్గుతుంది. పైగా గోడ మీద ఒకసారి ఏర్పడిన పూడిక తానే ఏటి బండ వంటి అడ్డంకి అవుతుంది. దాని వెనుక రక్తకణాలు తచ్చాడుతాయి; గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది.

పాఠకులారా, ధమనుల చీలికలు అందరికీ ఉన్నవే, వాటిని మార్చలేము. అక్కడ చేరే మేటను మాత్రం తగ్గించుకోగలం. పొగాకు మానండి. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షించుకొని అదుపులో ఉంచుకోండి. రోజూ నడవండి. వైద్యుడు రాసిన మందులను మీ అంతట మీరు ఆపవద్దు.

మూతి వంకర పోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. లక్షణాలు వాటంతట అవే తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లడం మానవద్దు.