ఆల్విన్ అంటే బస్టాపు కాదు

"ఆల్విన్ అంటే మియాపూర్ కాడ చౌరస్తా కద అంకుల్? ఫ్రిజ్ గూడ ఉండెనా?" అన్నాడు పాత సామాను కొనే పిల్లవాడు, మా పాత ఫ్రిజ్ తలుపు మీది అక్షరాలు వేలితో తుడుస్తూ. ఇరవై ఏళ్లుంటాయేమో. ఉండేది నాయనా. ఈ ఊళ్లోనే పుట్టింది. నీ ఆటో ఎక్కబోతున్న ఈ పెట్టెకు రంగు కొట్టినవాళ్లలో మా నాన్న ఉన్నా ఉండొచ్చు.

నాన్న సనత్‌నగర్ ఆల్విన్‌లో పెయింటు షాపు మనిషి. 1984 ఎండాకాలంలో 165 లీటర్ల ఫ్రిజ్ వాయిదాల మీద తెచ్చాడు. మొన్న మార్చి దాకా అది మా ఇంట్లో నడిచింది. దాన్ని చేసిన కంపెనీ మాత్రం ఆ తర్వాత అంతకాలం నిలవలేదు.

సనత్‌నగర్ అనగానే చాలామంది సనత్కుమారుణ్ణి తలుచుకుంటారు. మా తెలుగు మాస్టారు అదే చెప్పి మార్కులు కూడా వేశారు. నిజానికి ఉర్దూలో 'సనత్' అంటే పరిశ్రమ. పేరులోనే ఫ్యాక్టరీ ఉన్న పేట అది. నిజాం ప్రభుత్వం 1929లో పరిశ్రమల కోసం ఒక ట్రస్టు నిధి పెట్టింది. దాని ఊతంతో 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 1942లో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఆ నిధి అల్లాదీన్ కంపెనీతో కలిసి హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను మొదలుపెట్టింది.  సంస్థానం పోయింది, రాష్ట్రం పేరు మారింది, కంపెనీ కూడా రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. పని మాత్రం రేకుదే. బీరువాలు, ఆర్టీసీ బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు. "రేకు వంచడం వచ్చినోనికి అన్నీ వస్తయి" అనేవాడు నాన్న. 1980లలో జపాన్ సీకోతో కలిసి చేతి గడియారాలు మొదలుపెట్టినప్పుడు, "మరి వాచీ సంగతేంది?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. జహీరాబాదులో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు కూడా చేశారు. ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

ఫ్రిజ్ వచ్చిన రోజు అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాత నెల రోజులు దాని మొహం చూడలేదు. "చద్దికూడు దాచే పెట్టె మనకెందుకు? పొద్దున వండింది పొద్దున తింటం, మిగిలితే బర్రెకు పోస్తం" అన్నది. మాకు బర్రె లేదు, ఎదురింటి వాళ్లకుండేది. నీళ్లకు ఇసుకలో కూర్చోబెట్టిన కుండ ఉంది, పాలకు ఉట్టి ఉంది. వంటింట్లో చోటు ఉన్నా ఫ్రిజ్ ముందు గదిలోనే నిలబడింది, వచ్చినవాళ్లకు కనపడాలి కదా. నెత్తిన అక్క అల్లిన ఊలు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూల కుండీ. కింద ఇనుప స్టాండు, పక్కన గుర్రుమనే స్టెబిలైజరు. తలుపుకు తాళంచెవి కూడా ఉండేది. పిల్లలం ఐస్ దొంగలం కాబట్టి అది అమ్మ కొంగుముడిలోకి చేరింది.

అమ్మ మనసు మార్చింది మల్లెపూలు. సాయంత్రం కొన్న దండ తడిగుడ్డలో చుట్టి లోపల పెడితే, తెల్లారి గుడికి పోయేటప్పుడు మొగ్గలు మొగ్గలుగానే ఉన్నాయి. ఇక అక్కణ్ణుంచి ఫ్రిజ్ మా ఇంటిది కాకుండా పోయింది. పక్కింటి తాతయ్య ఇన్సులిన్ సీసాలు తలుపు అరలో, దర్జీ వాళ్ల చంటిదాని జ్వరం మందు వాటి పక్కన. రంజాన్ నెలలో సాయంత్రం ఆరుకల్లా వెనక సందు పిల్లలు గిన్నెలతో వరస కట్టేవాళ్లు, రూహఫ్జాలోకి ఐస్ కోసం. అల్యూమినియం ట్రేలు రెండే, గిన్నెలు పది. నాన్న ఫ్యాక్టరీ నుంచి ఇంకో రెండు ట్రేలు కొనుక్కొచ్చాడు. పండగ రోజు సేమ్యా ఆ గిన్నెల్లోనే తిరిగి వచ్చేది. ఫ్రిజ్ వల్ల మనుషులు ఎవరి ఇంట్లో వాళ్లు ముడుచుకున్నారని రాసేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. సందుకొక్కటి ఉన్నంత కాలం అది బావిగట్టులాగే ఉండేది. ఇంటికొకటి వచ్చాక ఆ సంగతి వేరు.

1990లు వచ్చేసరికి కొత్త కంపెనీలు, కొత్త రంగులు, మంచు దానంతటదే కరిగే ఫ్రిజ్‌లు. ఆల్విన్ నష్టాల్లో కూరుకుపోయింది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. కొంతకాలం వోల్టాస్ పక్కన ఆల్విన్ పేరు కనపడింది, తర్వాత అదీ పోయింది. నాన్న అప్పటికే రిటైరయ్యాడు. ఆ వార్త పేపర్లో చదివి, మడిచి, ఫ్రిజ్ అడుగున తుప్పు పట్టిన చోటికి ఎర్ర రంగు డబ్బా తెచ్చుకున్నాడు.

రంగుకు లొంగని జబ్బు గ్యాసుది. మాదాంట్లో ఉన్నది ఆర్-12. ఓజోన్ పొరకు అది చేటని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. మనలాంటి దేశాలు 2010 నాటికి దాని వాడకం మానెయ్యాలని గడువు. మొన్న మార్చిలో చల్లదనం పోయింది. మెకానిక్ వచ్చి చెవి ఆనించి విన్నాడు. "గ్యాస్ మొత్తం పోయింది సార్. పాతది దొరకదు. కొత్త గ్యాస్ 134 పట్టాలంటే కంప్రెసర్ నూనె కూడా మార్చాలి, అంత ఖర్చు దండగ. బాడీ మాత్రం ఇంకో నలభై ఏళ్లు ఉంటది" అన్నాడు. దండగ అన్న మాట నాకు నచ్చలేదు కానీ లెక్క అతనిదే సరైనది.

ఖాళీ చేస్తుంటే వెనక పలక సందులో అమ్మ తలపిన్నులు రెండు దొరికాయి. పిల్లవాడూ నేనూ కలిసి గడప దాటించలేకపోయాం. ఎదురింటి అబ్బాయి ఓ చెయ్యి వేశాడు. తలుపు వేసినప్పుడు ఆ బరువైన చప్పుడు అలాగే ఉంది. స్ప్రింగు కాటా మీద 53 కిలోలు తూగింది. కంప్రెసర్‌లో రాగి ఉంటుందని దానికి విడిగా బేరమాడాను, ఓ వంద ఎక్కువిచ్చాడు.