టి కణ గ్రాహకాల వైవిధ్యం: ఒక లెక్క చరిత్ర

ప్రతిదేహాల జన్యువులు ముక్కలుగా ఉంటాయనీ, బి కణంలో ఆ ముక్కలు జతకూడి కొత్త జన్యువు ఏర్పడుతుందనీ మీరు గత భాగంలో చదివారు. 1976లో బాసెల్‌లో సుసుము టొనెగావా, నోబుమిచి హోజుమి ఈ విషయాన్ని నిరూపించారు. మరి టి కణాల సంగతి? ప్రతిజనకాన్ని గుర్తించే గ్రాహకం వాటికీ ఉండాలని శాస్త్రవేత్తలు భావించారు. కాని దాని జన్యువు మరో ఎనిమిదేళ్ల వరకు దొరకలేదు. ప్రతిదేహాలు రక్తంలోకి విడుదలవుతాయి కనుక సేకరించడం సులభం. టి కణ గ్రాహకం కణత్వచాన్ని అంటిపెట్టుకొని, కొద్ది మోతాదులోనే ఉంటుంది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో స్టీఫెన్ హెడ్రిక్, మార్క్ డేవిస్ దీనికి ఒక తీసివేత లెక్క వేశారు. ఈ పద్ధతిని మీరు జాగ్రత్తగా గమనించాలి. ఎలుక టి కణాలలోని సందేశ ఆర్.ఎన్.ఏ.కు డి.ఎన్.ఏ. ప్రతులు చేసి, వాటిని బి కణాల సందేశాలతో కలిపారు. రెండు కణాలకూ ఉమ్మడిగా ఉన్నవి జతపడిపోయాయి. అవి సుమారు 98 శాతం. వాటిని తొలగించి, మిగిలిన వాటిలో టి కణంలో మాత్రమే అమరిక మారిన జన్యువు కోసం వెదికారు. అలా దొరికినదే బీటా శృంఖలపు జన్యువు. టొరంటోలో తక్ మాక్ బృందం మానవ లుకేమియా కణాల నుంచి ఇదే జన్యువును కనుగొంది. 1984 మార్చిలో ఈ ఫలితాలు ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో వెలువడ్డాయి. అదే ఏడాది టొనెగావా బృందం మరో జన్యువును ప్రకటించి, అది ఆల్ఫా శృంఖలానిది కావచ్చునని భావించింది. తరువాత అది గామా శృంఖలానిదని తేలింది. అదీ టి కణాలలో అమరిక మార్చుకొనేదే కనుక ఆ ఊహ సహజమే. అసలైన ఆల్ఫా కూడా ఆ సంవత్సరం చివరికల్లా దొరికింది.

జన్యువులు దొరికాక లెక్క మొదలైంది. మానవ బీటా శృంఖలానికి వి, డి, జె ముక్కల కలయికలు సుమారు వెయ్యి. ఆల్ఫాకు సుమారు రెండు వేలు. రెండింటినీ గుణిస్తే ఇరవై లక్షలు. ఇది పెద్ద సంఖ్యే అయినా అసలు వైవిధ్యం ఇక్కడ లేదు. ముక్కలు అతుక్కొనే చోట ఒక ఎంజైము యాదృచ్ఛికంగా న్యూక్లియోటైడులను చేరుస్తుంది. దాన్ని కలుపుకొని డేవిస్, పమేలా బ్యోర్క్‌మన్ 1988లో వేసిన అంచనా ఒకటి పక్కన పదిహేను సున్నాలు! మన శరీరంలో టి కణాలు లక్ష కోట్ల స్థాయిలోనే ఉంటాయి. అంటే సాధ్యమైన గ్రాహకాలన్నీ ఏ మనిషిలోనూ ఉండలేవు. ఏకరూప కవలల గ్రాహకాల సముదాయాలు కూడా చాలావరకు వేరుగా ఉంటాయి.

మరి నిజంగా ఉన్నవెన్ని? 1999లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధకులు అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్లు, రక్తంలోని బీటా శృంఖలాలలో ఒక చిన్న భాగాన్ని మాత్రం పూర్తిగా చదివి, దాన్నుంచి మొత్తాన్ని గణించారు. కనీసం పది లక్షల బీటా శృంఖలాలు, ఒక్కొక్కదానికి సగటున కనీసం 25 ఆల్ఫా జతలు ఉన్నాయని తేల్చారు. ఈ ‘కనీసం’ అనే మాటను మరువకండి. మెతుకు పరీక్షకు అరుదైన గింజలు చిక్కవు. 2014లో స్టాన్‌ఫర్డ్ బృందం యువకులలో బీటా రకాలు పది కోట్ల స్థాయిలో ఉంటాయనీ, డెబ్బై దాటినవారిలో రెండు నుంచి ఐదు రెట్లు తగ్గుతాయనీ చూపింది.

ఇంతవరకు చెప్పినది ఒక మనిషి లోపలి వైవిధ్యం. మనిషికీ మనిషికీ మధ్య వి, జె ముక్కలలోనే ఉండే తేడాలపై శ్రద్ధ ఆలస్యంగా పెరిగింది. 2023లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఆఫ్రికా, తూర్పు ఆసియా, దక్షిణాసియా, ఐరోపా మూలాలు గల 45 మందిని పరిశీలించగా, ప్రామాణిక జాబితాలలో లేని యుగ్మవికల్పాలు ఎన్నో బయటపడ్డాయి. ఒక గామా రూపం నియాండర్తాల్ మానవుల నుంచి సంక్రమించినది. రోగి రక్తంలో చదివిన గ్రాహకాన్ని ప్రయోగశాల ఆ జాబితాతోనే పోలుస్తుంది. మన ప్రాంతపు రూపం అందులో లేకపోతే, పుట్టుకతో వచ్చిన తేడా కాస్తా యంత్రం చేసిన తప్పుగా నమోదవుతుంది.