డోర్నకల్ పల్లెల కోత పండుగ

ఉగాది సంచికలో కోత పండుగ ప్రసక్తి ఏమిటని చదువరులలో కొందరికి తోచవచ్చును. ఒకటి సంవత్సరాది, మరొకటి పంట ఇంటికి వచ్చిన నాటిది. ఒకటి హిందువులది, మరొకటి ఇక్కడ నేను చెప్పబోయేంత వరకు క్రైస్తవులది. అయినా రెండింటికీ గట్టి పోలిక వున్నది. గుమ్మానికి మామిడి తోరణం కట్టి, ఇరుగుపొరుగును పిలిచి, మనకు కలిగినదానిలో ఇంత వారి చేతిలో పెట్టి పంపే రోజులే ఇవి రెండూ. పరాయి రాష్ట్రంలో కాపురమున్న మనబోటి వారికి ఇరుగుపొరుగు అనే మాట స్వగ్రామంలో వున్నవారికంటె బరువైనది. అందువలన తెలుగునాట ఒక మూల, పొరుగు భాషవాడొకడు వచ్చి బలపరచిన ఒక పండుగను గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను పండితుడను కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటున్నవాడను. ఈ కథలో రైలు కూడా వున్నది గనుక చెప్పడానికి కొంత చనువు దొరికినది.

కోత కోసిన తరువాత దేవునికి ఇంత సమర్పించని జాతి లేదు. మనకు సంక్రాంతి, తమిళులకు పొంగల్. మేము కాపురముంటున్న ఒడిశాలో పడమటి జిల్లాలవారు భాద్రపదంలో నువాఖాయి చేస్తారు. కొత్త బియ్యం ఇష్టదైవానికి పెట్టిన తరువాతనే ఇంటిల్లిపాదీ తింటారు. ప్రాచీన యూదులకు కూడా కోతకు సంబంధించిన పండుగలు వుండేవి. వారి ధర్మశాస్త్రంలో ఒక ముఖ్యమైన నియమం వున్నది. పొలం గట్టు మూలల వరకు ఊడ్చి కోయరాదు. రాలిన వెన్నులను తిరిగి ఏరుకోరాదు. వాటిని బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి. మన రైతులు పరిగె ఏరుకోవడం అనే మాట ఎరుగుదురు. ఆ పరిగె ఏరుకుంటూనే రూతు అనే మోయాబు దేశపు విధవరాలు బేత్లెహేము పొలంలో బ్రతికినది. ఆమె కూడా ప్రవాసియే. బైబిలులో ఒక గ్రంథానికే ఆమె పేరు పెట్టారు.

ఇంగ్లండులో ఈ కాలపు చర్చి కోత పండుగకు 1843వ సంవత్సరం మొదలని చెబుతారు. కార్న్‌వాల్ ప్రాంతంలో మోర్వెన్‌స్టో అనే పల్లెలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే గురువు ఆ ఏడు పంటకు కృతజ్ఞతగా ప్రత్యేక ఆరాధన జరిపించాడు. ఆ ఆచారం దేశమంతా ప్రాకి, మిషనరీలతో పాటు ఓడ ఎక్కి మన దేశానికీ వచ్చినది. అక్కడ చర్చి కిటికీలో గోధుమ వెన్నులు, ఆపిల్ పండ్లు పెట్టేవారు. ఇక్కడికి వచ్చేసరికి ఆ పండుగ వేషమూ మారినది, అర్థమూ మారినది. ఆ మార్పు బాగా కనబడిన చోటు డోర్నకల్.

డోర్నకల్ పేరు రైల్వేవారికి చెప్పనక్కర లేదు. కాజీపేట, బెజవాడ స్టేషన్ల మధ్య జంక్షను అది. ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో వున్నది. నిజాం రైల్వే 1889లో బెజవాడ వరకు వచ్చినది. ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గును దించుకొని రావడానికి డోర్నకల్ నుండి కొమ్మ లైను వేశారు. చుట్టూ జొన్న, మిరప, కంది చేలు; చెరువుల క్రింద వరి మళ్ళు; నడుమ ఒక జంక్షను. ఆ జంక్షనులో 1909లో ఒక తమిళుడు కాపురం పెట్టాడు.

ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గ్రామ పాదిరీ. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, క్రైస్తవ యువజన సంఘంలో పనిచేసి, 1903లో తిరునెల్వేలిలో కొందరితో కలిసి భారతీయ మిషనరీ సంఘం స్థాపించాడు. దాని విశేషం ఏమనగా, అందులో పనిచేసేవారు ఈ దేశస్థులు, ఇచ్చే డబ్బు ఈ దేశస్థులది. తమిళ పల్లెలలోని క్రైస్తవులు కూడబెట్టిన చందాలతో ఆ సంఘంవారు మానుకోట, డోర్నకల్ ప్రాంతానికి మనుష్యులను పంపారు. తరువాత అజరయ్యే స్వయంగా వచ్చాడు. ముప్పది ఐదేళ్ళ వయసులో కొత్త భాష అక్షరాలతో మొదలుపెట్టి నేర్చుకొని, తెలుగులోనే బోధించాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసేవరకు తెలుగు పల్లెలే ఆయన లోకం.

ఆ పల్లెలలో క్రైస్తవులయినవారెవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. వారికి కోత అంటే ఏమిటో ఆలోచిస్తేనే కోత పండుగ అర్థమవుతుంది. దున్నినది వారు, నాటినది వారు, కోసినది వారు, నూర్చినది వారు. పంట మాత్రం వారిది కాదు. కళ్ళంలో కుప్ప తూర్పారబట్టిన తరువాత ఒక ప్రక్కన నిలబడితే, ఆచారం ప్రకారం రావలసిన మేర గింజలు కొలిచి పోసేవారు. పాలేరుకు ఏడాది జీతం గింజలలోనే. అప్పు వుంటే అది కూడా అక్కడే చెల్లు. నిజాం ఇలాకాలో వెట్టి సరేసరి. తరతరాలుగా వారికి తెలిసినది చెయ్యి చాపడమే. ఇచ్చే చెయ్యి మరొకరిది.

ఇక మతం మారినవారిని లోకం వేసిన నింద ఒకటి వుండేది. వీరు బియ్యం కోసం కలిసిన క్రైస్తవులని. కరువులో గంజి పోసిన మిషనరీల వెంట పోయారని. ఈ నింద ఎంత బలమైనదో ఒంగోలు కథ వలన తెలుస్తుంది. 1876 నుండి 1878 వరకు ధాత కరువు కాటకం నడచినప్పుడు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. కాని కూటి కోసం వచ్చారనే మాట పడరాదని కరువు పని సాగినంత కాలం బాప్తిస్మములు ఆపివేశాడు. ఆ పని ముగిసిన తరువాతనే 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగినది. మిషనరీ ఆ విధంగా జాగ్రత్తపడ్డాడు. అయినా నిందకు అసలు సమాధానం చెప్పవలసినవారు నింద పడినవారే గదా!

ఆ సమాధానమే కోత పండుగ అని నాకు తోస్తున్నది. బీదవాడు గనుక ఇవ్వనక్కర లేదనడం వానిని గౌరవించడం కాదని అజరయ్య అభిప్రాయం. పుచ్చుకోవడమే ఎరిగిన సంఘం ఎప్పటికీ పరాధీనమే. ఇవ్వడాన్ని గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాశాడు. అది ఇతర భాషలలోకి కూడా పోయినది. డబ్బు లేనివారు ఏమి ఇస్తారు? ఇంట వున్నది ఇస్తారు. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యమో, జొన్నలో తీసి వేరే కుండలో వేస్తుంది. పిడికెడు తగ్గితే ఇంటిలో ఆకలి పెరగదు. కాని ఏడాదికి ఊరంతటి పిడికెళ్ళు కలిస్తే పంతులు జీతంలో కొంత భాగం అవుతుంది.

పండుగనాడు ఆ ఇవ్వడం కండ్లకు కట్టినట్లు కనబడుతుంది. కోతలు ముగిసిన తరువాత చర్చి గోడలకు సున్నం కొట్టి, ముగ్గులు వేసి, మామిడాకులు, కొబ్బరి మట్టలు కడతారు. డప్పులు మ్రోగుతాయి. ఆడవారు గంపలు నెత్తిన పెట్టుకొని పాటలు పాడుకుంటూ వస్తారు. ఒక గంపలో వడ్లు, ఒక గంపలో కందులు, ఒక దానిలో ఎండు మిరపకాయలు. ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపెట్ట, ఒకరు మేకపిల్ల. ఏమీ లేని ముసలమ్మ నాలుగు గ్రుడ్లు కొంగున కట్టుకొని వస్తుంది. అన్నీ బల్లపీఠం ముందర పెడతారు. పాదిరీ ప్రార్థన చేస్తుంటే కోడి కూసినా ఎవరూ నవ్వరు. ఏ డప్పు ఊరివారి చావులకు, జాతరలకు ఇతరుల ఆజ్ఞపై మ్రోగేదో, ఆ డప్పు ఇక్కడ వారి స్వంత పండుగకు మ్రోగుతుంది. ఈ ఒక్క సంగతి చాలు పండుగ గొప్పతనం తెలియడానికి.

ఆరాధన అయిన తరువాత చర్చి ముంగిట వేలం పాట. ఇక్కడనే ఇరుగుపొరుగు ప్రవేశిస్తారు. పాటకు మతంతో, కులంతో పని లేదు. పైకం వుంటే చాలు. రెడ్డిగారు వచ్చి పాడవచ్చును, కోమటి శెట్టిగారు పాడవచ్చును, సాయిబుగారు పాడవచ్చును. కోడిపెట్ట అసలు ధరకు మూడింతలకు పోయినా పాడినవాడు నష్టపోయాననుకోడు, పది మందిలో పేరు నిలిచినదనుకుంటాడు. పూర్వం పల్లెలో వండిన అన్నం ముట్టనివారు సైతం పల్లెలో కాచిన గుమ్మడికాయను వేలంలో కొనడానికి ఆచారం అడ్డు రాదు. కళ్ళంలో మేర కొలిచిన చేతులు ఇక్కడ పైకం లెక్కబెట్టి గుమ్మడికాయ అందుకుంటాయి. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఒక పూట తారుమారు అవుతారు.

పాట తరువాత భోజనాలు. అజరయ్య పుట్టిన తిరునెల్వేలి సీమలో చర్చి పండుగలకు అసనం అనే సామూహిక భోజనం వున్నది. అందులో ఏ మతంవారయినా వచ్చి పంక్తిలో కూర్చుంటారు. తెలుగు పల్లెలలో ఆ పేరు లేకపోయినా ఆ మర్యాద వున్నది. పిలిచిన పొరుగువారు రాగానే ముందు కుర్చీ, మంచినీళ్ళు, తరువాత పలకరింపు. భోజనం చేసేవారు చేస్తారు. చేయనివారికి పండ్లు, టెంకాయ ఇచ్చి సాగనంపుతారు. నొప్పించకుండా పిలవడం ఒక విద్య.

ఈ ఇరుగుపొరుగు భావమే డోర్నకల్ చర్చి కట్టడంలోనూ కనబడుతుంది. ఇంగ్లీషు నమూనా తెచ్చి నిలబెట్టలేదు. దేవాలయ మండపంలో వుండే స్తంభాలు, మసీదులో వుండే గుమ్మటాలు, మినార్లు కలిపి కట్టారు. పాతిక సంవత్సరాల వరకు పట్టినది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగినది. ఆ ఊరి హిందువుకు గాని, ముస్లిముకు గాని ఆ భవనం చూడగానే పరాయి ఇల్లు అనిపించరాదన్నది అందులోని ఉద్దేశం.

అంతా సవ్యంగా జరిగినదని చెప్పడం చరిత్ర కాదు. మతమార్పిడి విషయంలో గాంధీగారికి, అజరయ్యకు అభిప్రాయభేదం వుండేది. చర్చి లోపల కూడా మాల, మాదిగ భేదం పూర్తిగా పోలేదు. దానితో అజరయ్య తన జీవితమంతా పెనుగులాడవలసి వచ్చినది. ఒక పూట వేలం పాడిన రైతు మరునాడు బావి దగ్గర పాత మనిషే కావచ్చును. పండుగ ఒక్కనాడే. కాని ఏడాదికి ఒక్కనాడైనా తాను ఇచ్చేవాడనని తెలుసుకున్న మనిషి తక్కిన రోజులలో పూర్వంవలె తల వంచి నిలబడలేడు. ఆయన కాలం ముగిసేనాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. 1947 సెప్టెంబరు 27న ఆ మండలం దక్షిణ ఇండియా సంఘంలో చేరినది. కోత పండుగ మాత్రం తెలుగు పల్లె చర్చీలలో నిలిచిపోయినది.

ఇందులో మనకు పనికివచ్చే సంగతి ఒకటి వున్నది. అజరయ్య తెలుగువారి నడుమ ప్రవాసి. మనం ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ సోదరుల నడుమ ప్రవాసులం. ఆయన వచ్చిన ఊరి భాష నేర్చాడు, ఆ ఊరి డప్పును పండుగలో పెట్టాడు, ఆ ఊరి గుడి స్తంభాన్ని తన చర్చిలో నిలబెట్టాడు. తన విశ్వాసం మాత్రం వదులుకోలేదు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీ త్యాగము, మీ ధనము చాలవు, మాతో స్నేహం చేయండి అని అడిగినవాడు ఆయన. తాను అడిగినదే తాను వచ్చిన తెలుగు పల్లెకు ఇచ్చాడు.

తూర్పు కోస్తా లైను వెంట ఉత్తరానికి వచ్చిన తెలుగు కుటుంబాలు మన ఖుర్దా రోడ్ వంటి రైల్వే ఊళ్ళలో మూడు నాలుగు తరాలుగా వున్నాయి. మనకూ ఈ నేల అన్నం పెట్టినది. పుచ్చుకున్నంత కాలం వలసవాళ్ళం, ఇచ్చిన నాటినుండి ఊరివాళ్ళం. ఉగాది సభలో మన పద్యాలు, మన నాటకాలు మనమే చూచుకొని ఇండ్లకు పోవడం కన్న, క్వార్టర్స్‌లో కుడిఎడమల వున్న రెండేసి ఇండ్లవారిని పిలిచి పచ్చడి చేతిలో పెట్టి, అందులో వేపపువ్వు ఎందుకు వేశామో వారి భాషలో చెప్పగలిగితే ఎంత బాగుంటుంది! డోర్నకల్ పల్లెలో నాలుగు గ్రుడ్లు కొంగున కట్టుకొని వచ్చే ముసలమ్మ కంటె మనకు కలిగినది తక్కువేమీ కాదు గదా.

సోదర సోదరీమణులందరికి, వారి ఇరుగుపొరుగు వారికి కూడా, నూతన సంవత్సర శుభాకాంక్షలు.