ఇత్తడి తేలిన కెమెరాలు

2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో ఒక పాత కెమెరా వేలానికి వచ్చింది. లైకా కెమెరా తొలినాళ్లలో, 1923లో, పరీక్ష కోసం తయారుచేసిన ఇరవై పైచిలుకు నమూనాల్లో అదొకటి, నంబరు 105. పలికిన ధర కోటీ 44 లక్షల యూరోలు, మన లెక్కలో వంద కోట్ల రూపాయలు దాటిన మాట. బీరువాలో భద్రంగా దాచిన వస్తువేమీ కాదది. లైకాకు ప్రాణం పోసిన ఆస్కార్ బార్నాక్ స్వయంగా వాడుకున్న కెమెరా. వ్యూఫైండర్ మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది. నల్ల రంగు అంచుల దగ్గర పోయి కింద ఉన్న ఇత్తడి బయటపడి ఉంటుంది.

పాత కెమెరాలు కొనేవాళ్లు మామూలుగా గీత పడని సరుకు కోసమే వెతుకుతారు. సొట్ట కనిపిస్తే ధర తగ్గిస్తారు, తోలు లేస్తే పక్కన పెట్టేస్తారు. నల్ల రంగు వేసిన పాత కెమెరాల దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. రంగు పోయి ఇత్తడి తేలిన చోటునే వేలితో తడిమి చూస్తారు. ఆ తడమడంలో అర్థం ఉందని నా నమ్మకం. కెమెరా ఎవరి చేతిలో ఎలా బతికిందో కాగితాలు లేకపోయినా చెప్పే ఆధారం అదొక్కటే.

1925లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో లైకా మొదటిసారి జనం ముందుకొచ్చింది. అప్పుడది నల్ల ఎనామిల్ రంగులో ఉంది. తిప్పే మీటలకూ గుండీలకూ నికెల్ పూత. మూడు నాలుగు తరాల తర్వాత దొరల హోదాకు గుర్తుగా మారిన ఆ నలుపు, ఆ రోజుల్లో చౌకగా, తేలిగ్గా అయిపోయే పని మాత్రమే. 1930ల మొదట్లో క్రోమియం పూత వచ్చింది. రంగు కంటే క్రోమియం ఎన్నో రెట్లు గట్టిది. గోళ్లకూ, తాళంచెవులకూ, బ్యాగు జిప్పులకూ లొంగదు. జనం వెండి రంగు కెమెరాలకు మళ్లారు. 1954లో లైకా ఎం3 వచ్చేనాటికి క్రోమే మామూలు సరుకు. నలుపు కావాలంటే ప్రత్యేకంగా అడగాలి.

అడిగింది పత్రికల ఫొటోగ్రాఫర్లు. వీధిలోనో, యుద్ధంలోనో, కోర్టు మెట్ల మీదనో నిలబడ్డ మనిషికి తళతళలాడే కెమెరా పెద్ద ఇబ్బంది. ఎదుటివాడి కళ్లు ముందు దాని మీదే పడతాయి. ఆన్రీ కార్టియే-బ్రెస్సాన్ తన లైకా మెరుపు కనిపించకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. 1956-57లో ప్రెస్ వాళ్ల కోసం లైకా చేసిన ఎంపీ మోడల్‌లో కొన్ని నల్లవి. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌కీ నల్ల బాడీ ఉండేది. అరిగేది నలుపేనని తెలిసే ఆ ఫొటోగ్రాఫర్లు దాన్ని ఎంచుకున్నారు. అందుకే ఇత్తడి తేలిన నల్ల కెమెరా కనిపిస్తే, దాన్ని మోసినవాడు పనిమంతుడని ఊహించడం పెద్ద తప్పేమీ కాదు.

నల్ల రంగు ఎందుకంత త్వరగా పోతుంది? కారణం రంగులోనూ, ఆకారంలోనూ ఉంది. పూసినప్పుడు ద్రవంగా ఉన్న రంగు పదునైన అంచు దగ్గర నిలవదు. తలతన్యత వల్ల వెనక్కి లాక్కుంటుంది. చదునుగా ఉన్న చోట దళసరిగా, అంచు మీద పల్చగా ఆరుతుంది. చెయ్యి, బ్యాగు, చొక్కా గుండీ ఎక్కువగా తగిలేదీ ఆ అంచుకే. కింద ఉన్న ఇత్తడి నున్నగా, మెత్తగా ఉండే లోహం. దెబ్బ తగిలితే అది కాస్త వంగుతుంది, ఎండి గట్టిపడిన రంగు వంగలేక పెచ్చు లేస్తుంది. మొదట పై మూత అంచులు, తర్వాత పట్టీ కట్టే చెవుల చుట్టూ, తర్వాత అడుగు పలక మూలలు. నికాన్ ఎఫ్ అయితే పైన గుడి శిఖరంలా నిలబడే ప్రిజమ్ అంచులు అన్నిటికంటే ముందు పసుపెక్కుతాయి. మెడలో రెండేసి కెమెరాలు వేసుకునే వాళ్లవి ఒకదానికొకటి కొట్టుకుని సొట్టలు కూడా పడతాయి.

ఇంకో సంగతి గమనించాలి. రంగు పోయిన ఇత్తడి అంతా ఒకే తీరున ఉండదు. రోజూ చెయ్యి తగిలే చోట బంగారంలా మెరుస్తుంది, చెయ్యి తగలని చోట గాలికి గోధుమ రంగుకు తిరుగుతుంది. తిరగలి పిడిలాంటిదే ఇదీ, వాడినంతకాలం నిగనిగ. ఆ మెరుపును బట్టి కెమెరాను ఎన్నాళ్లుగా పక్కన పెట్టారో సుమారుగా చెప్పొచ్చు.

కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరి స్టూడియో యజమాని తన నల్ల నికాన్ ఎఫ్‌ఎం2 నా చేతికిచ్చారు. 1982లో వచ్చిన ఈ మోడల్ మన తెలుగు ఊళ్లలో పెళ్లిళ్లూ పబ్లిక్ మీటింగులూ చాలా చూసింది. ముందు అడుగు పలక తిప్పి చూశాను. ట్రైపాడ్ మర చుట్టూ రూపాయి బిళ్లంత మేర రంగు లేదు. ఫ్లాష్ బ్రాకెట్ బిగించీ విప్పీ అరిగిన జాడ. పైన ఫ్లాష్ కూర్చునే హాట్‌షూ పట్టాలు బోసిగా తెల్లబడ్డాయి. ఎఫ్‌ఎం2లో లైట్ మీటర్ వెలగాలంటే ఫిల్మ్ తిప్పే లివర్‌ను కాస్త బయటికి లాగి ఉంచాలి. బొటనవేలు ఆ సందులో ఆనించి మనిషి గంటల తరబడి నిలబడతాడు. సరిగ్గా అక్కడ, పై మూత వెనక అంచున, రెండంగుళాల పొడవున ఇత్తడి. షట్టర్ స్పీడ్ అంకెల గాడుల్లో తెలుపు కాస్త పసుపెక్కింది.

“తలంబ్రాల పసుపండీ అది. వేసవి ముహూర్తాల్లో పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతులు పొడిగా ఎప్పుడుంటాయి చెప్పండి? ఒక చేత్తో చెమట తుడుచుకోవాలి, ఇంకో చేత్తో నొక్కాలి” అన్నారాయన. చెమటలోని ఉప్పు వెనక తలుపు మీది తోలు అంచులను కూడా లేపేసింది. తలుపు కుడివైపు, ముక్కు ఆనే చోట ఆ తోలు నున్నబడి మెరుస్తోంది. ఆయన ఎడమ కన్ను పెట్టి చూసేవారని నేను అడగకుండానే తెలిసిపోయింది. లివర్ కొస కూడా నుదురు రాసుకుని నున్నబడి ఉంది.

అన్ని కెమెరాలూ ఇంతగా చెప్పవు. 1971లో లైకా ఎం5తో నల్ల క్రోమియం వచ్చింది; అది అంత తేలిగ్గా ఊడదు, మహా అయితే రుద్దుడుకు నున్నబడుతుంది. 1976లో కెనాన్ ఏఈ-1 పై మూత ప్లాస్టిక్‌తో వచ్చింది. దాని మీద లోహపు పూత వేసి అచ్చం లోహంలా కనిపించేట్టు చేశారు. పూత పోతే కింద ప్లాస్టిక్కే. అదే ఏడాది మొదలైన పెంటాక్స్ కే1000 మొదట లోహపు మూతతోనే వచ్చింది. చైనాలో తయారైన చివరికాలపు వాటిలో ప్లాస్టిక్ చేరింది. 1984 నాటి లైకా ఎం6లో పై మూత జింకు పోత. దానికి ఇత్తడి తేలదు. పూత కింద జింకు పాడై చిన్న చిన్న బుడగలు లేస్తాయి. పాత జర్మన్ జైస్ కెమెరాల్లో తోలు కింద ఇత్తడి రివెట్లకు చిలుము పట్టి తోలు బొడిపెల్లా లేవడం మరో రకం. పాత లైకాల మీది వల్కనైట్ తొడుగు ఎండిపోయి పెళుసెక్కి, ముక్కలుగా రాలుతుంది. ఇవి వయసు తెచ్చిన జబ్బులు. వీటిలో మనిషి చేతి జాడ వెతకడం వృథా.

చేతి జాడకు ఎంత విలువ కడతారో చెప్పడానికి ఇంకో వేలం ఉంది. లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ కోసం లైకా ప్రత్యేకంగా నాలుగు ఎం3డీలు చేసింది. వాటిలో రెండోది, నలుపు పోయి ఇత్తడి కనిపిస్తున్నది, 2012లో వియన్నాలో 16 లక్షల 80 వేల యూరోలకు అమ్ముడైంది. యుద్ధ ఫొటోగ్రాఫర్ డాన్ మెకల్లిన్ నికాన్ ఎఫ్ కథ వేరు. 1970లో కంబోడియాలో ఒక తూటా దానికి తగిలింది. మెకల్లిన్ బతికాడు, తూటా దెబ్బతోనే ఆ కెమెరాను ప్రదర్శనల్లో పెట్టారు. ఆ గాయాన్ని సరిచేయాలని ఎవరికీ తోచలేదు, తోచకపోవడమే సబబు.

ఈ గౌరవం చివరికి వ్యాపారానికీ ఎక్కింది. 2015లో సంగీతకారుడు లెన్నీ క్రావిట్జ్ పేరుతో లైకా 125 సెట్లు విడుదల చేసింది. డిజిటల్ కెమెరా అది. నల్ల రంగును ఫ్యాక్టరీలోనే చేత్తో అరగదీసి, ఏళ్ల తరబడి తిరిగినట్టు తయారుచేశారు. కొన్నవాళ్ల ఇష్టాన్ని నేను కాదనను. కానీ ఒక్క ఫొటో కూడా తీయని కెమెరాకు అనుభవం తొడగడం నాకు బాధగానే ఉంటుంది. ఇప్పుడు మామూలు కెమెరాలను కూడా గరుకు కాగితంతో రుద్ది పాతవాటిలా అమ్ముతున్నారు. పసిగట్టడం కష్టమేమీ కాదు. గరుకు కాగితం గీతలు ఒకే దిక్కున సమాంతరంగా ఉంటాయి. చెయ్యి తీసిన అరుగుదలలో రంగు అంచు మెత్తగా పల్చబడుతూ ఇత్తడిలో కలుస్తుంది. మూతకు ఇత్తడి తేలి, పట్టీ చెవుల్లో రింగు కోత లేకపోతే, అడుగు పలక కొత్తగా ఉంటే అనుమానించాల్సిందే.

అరిగిన కెమెరాకు మళ్లీ రంగు వేయించి కొత్తదానిలా చేసేవాళ్లూ ఉన్నారు. షట్టర్ ఆగిపోతే బాగుచేయించాలి, పాడైన ఫోమ్ సీళ్లు మార్పించాలి; అవి కెమెరా పనిచేయడానికి అవసరం. రంగు మాత్రం కదిలించకండి. నాన్నగారిదో తాతగారిదో కెమెరా ఇంట్లో ఉంటే ముందు తోలు కవరులోంచి బయటికి తీయండి. మన కోస్తా గాలిలో ఆ తోలు తేమ పీల్చి లెన్సుకు బూజు పట్టిస్తుంది. ఇత్తడి చెంబులు తోమే పొడులూ ద్రావకాలూ దగ్గరికి రానివ్వొద్దు; పక్కనున్న రంగును కూడా అవి తినేస్తాయి. మెత్తటి పొడిగుడ్డ చాలు. చిలుము పచ్చగా లేచిన చోట పంటిపుల్లతో మెల్లగా గీకి తీసి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. నెలకోసారి తీసి అన్ని స్పీడ్‌లలో షట్టర్ నొక్కండి.